తుపాను ఒడ్డుకు చేర్చిన విద్యార్థి

1841 జనవరిలో జపాన్‌లోని తోసా తీరం నుంచి ఐదుగురు చేపల వేటకు వెళ్లారు. అందరికంటే చిన్నవాడు మంజిరో. పద్నాలుగేళ్లవాడు, తండ్రి లేని పిల్లాడు. తుపానుకు పడవ కొట్టుకుపోయి తోరిషిమా అనే దీవికి చేరింది. అక్కడ మనిషన్నవాడు లేడు. సముద్రపు పక్షుల్ని తింటూ, రాళ్ల సందుల్లో నిలిచిన వాన నీళ్లు తాగుతూ దాదాపు ఐదు నెలలు ప్రాణాలు నిలుపుకున్నారు. జూన్‌లో అటుగా వచ్చిన ‘జాన్ హౌలండ్’ అనే అమెరికా తిమింగలాల వేట ఓడ వాళ్లను ఎక్కించుకుంది. జపాన్‌లో దేశం దాటినవాడు తిరిగొస్తే మరణశిక్ష వేసే రోజులవి. అందుకే ఓడ కెప్టెన్ విలియం విట్‌ఫీల్డ్ మిగతా నలుగురిని హోనలూలులో దించి, మంజిరోను మాత్రం తనతో మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్‌కు తీసుకెళ్లాడు. అది 1843.

కెప్టెన్ ఒక ఆదివారం పిల్లాణ్ని చర్చికి తీసుకెళ్లి తమ కుటుంబం కూర్చునే బల్ల మీదే కూర్చోబెట్టాడు. అతన్ని నల్లవారికి కేటాయించిన చోట కూర్చోబెట్టమన్నారు చర్చి పెద్దలు. విట్‌ఫీల్డ్ ఆ చర్చినే మానేసి, పిల్లాణ్ని తన పక్కన కూర్చోనిచ్చే మరో చర్చికి మారాడు. మంజిరోను బడిలో వేశాడు. పుట్టిన ఊళ్లో అక్షరం ముక్క నేర్వని ఆ కుర్రవాడు ఇక్కడ ఇంగ్లీషు, లెక్కలు, ఓడ నడిపే విద్య నేర్చుకున్నాడు. 1851లో ప్రాణాలకు తెగించి స్వదేశం చేరాడు. నెలల తరబడి విచారణలు సాగాక గానీ తల్లిని చూడనివ్వలేదు. తర్వాత అదే ప్రభుత్వం అతన్ని కొలువులో పెట్టుకుంది. ఓడ నడిపే విద్య మీద అమెరికాలో పేరున్న గ్రంథాన్ని అతను జపనీస్‌లోకి అనువదించాడు. టోక్యో విశ్వవిద్యాలయానికి మూలమైన కైసెయ్ పాఠశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. అమెరికాలో విద్యార్థిగా ఉన్నవాడు జపాన్‌లో అయ్యవారయ్యాడు. రెండు దేశాల మధ్య విద్యార్థి, ఉపాధ్యాయ మార్పిడి ఎక్కడ మొదలైందంటే విట్‌ఫీల్డ్ ఇంటి గడప దగ్గరే అని చెప్పాలి. ఒప్పందాలన్నీ ఆ తర్వాత వచ్చినవే. మంజిరో సొంత ప్రాంతం తోసాషిమిజుకూ ఫెయిర్‌హేవెన్, న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణాలకూ సోదర నగరాల బంధం కుదిరింది 1987లో. పిల్లాడు ఫెయిర్‌హేవెన్‌లో కాలుపెట్టిన 144 ఏళ్లకు!

మన దగ్గర జంట నగరాలంటే హైదరాబాద్, సికింద్రాబాద్. దూరదేశాల ఊళ్ల మధ్య బంధానికి ‘సోదర నగరాలు’ అంటే తికమక ఉండదు. జపనీయులు ‘షిమాయ్ తోషి’ అంటారు. అంటే అక్కాచెల్లెళ్ల నగరాలు. ఇంగ్లీషులో అక్కకూ చెల్లికీ ఒకటే మాట. జపనీస్‌లో, మనలాగే, వేర్వేరు. నిజానికి తెలుగులోనూ ‘అక్కాచెల్లెళ్ల నగరాలు’ అన్న మాటే బాగా అతుకుతుంది.

మంజిరోకూ ఈ సోదర నగరాలకూ మధ్యలో బొమ్మల కథ ఒకటుంది. అమెరికాలో జపనీయుల మీద ద్వేషం పెరుగుతున్న రోజుల్లో, జపాన్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన మతబోధకుడు సిడ్నీ గ్యులిక్ అమెరికా పిల్లల చేత బొమ్మలు పంపించాడు. 1927లో 12,739 బొమ్మలు జపాన్ బడులకు చేరాయి. ఒక్కో బొమ్మ చేతికీ ఉత్తరం, పాస్‌పోర్టు! జపాన్ పిల్లలు తలా కాస్త చందా వేసి 58 పెద్ద బొమ్మలు బదులు పంపారు. రెండు దేశాల మధ్య యుద్ధం రాగానే జపాన్‌లో అమెరికా బొమ్మల్ని శత్రువులన్నారు. చాలావాటిని తగలబెట్టారు, విరగ్గొట్టారు. కొందరు టీచర్లు మాత్రం దాచిపెట్టారు. అలా మిగిలినవి సుమారు 300. పై నుంచి ఆజ్ఞ వచ్చినా పిల్లల బొమ్మను దాచిన ఆ టీచర్ల ధైర్యం తక్కువదేం కాదు.

నాగసాకి మీద అణుబాంబు పడిన పదేళ్లకు, 1955 డిసెంబరు 7న ఆ నగరానికీ అమెరికాలోని సెయింట్ పాల్‌కూ బంధం కుదిరింది. రెండు దేశాల మధ్య అదే మొదటి సోదర నగరాల ఒప్పందం. తేదీ చూడండి, యుద్ధంలో అమెరికా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన తేదీయే. మరుసటి ఏడాది అధ్యక్షుడు ఐజన్‌హోవర్ ప్రభుత్వాల మధ్యే కాక ప్రజల మధ్య కూడా స్నేహం ఉండాలంటూ ఒక ఉద్యమం మొదలుపెట్టడంతో ఇలాంటి జతలు పెరిగాయి. పద్ధతి సులువు. ఈ ఊరి పిల్లలు వెళ్లి ఆ ఊళ్లో ఎవరో ఒకరింట్లో ఉంటారు, అక్కడి బడికి వెళ్తారు. తర్వాత అక్కడి పిల్లలు ఇక్కడికొస్తారు. హోటల్ గది ఉండదు, ఇంట్లో వండిందే తినాలి. బంధం కలిసేది అక్కడే.

హైదరాబాద్‌కు ఈ చరిత్రలో పాత వాటానే ఉంది. నిజాం సంస్థానంలో విద్యాశాఖ డైరెక్టరుగా ఉన్న రాస్ మసూద్ 1922లో జపాన్ వెళ్లి అక్కడి బడులు, కాలేజీలు చూసి పెద్ద పుస్తకమే రాశాడు. సొంత భాషలో పాఠాలు చెబుతూనే ఒక ఆసియా దేశం పైకొచ్చిందన్నది ఆయన్ను ఆకట్టుకున్న సంగతి. ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది మరి. 1950లో భారత్, అమెరికా విద్యార్థులు, అధ్యాపకుల మార్పిడికి ఫుల్‌బ్రైట్ ఒప్పందం చేసుకున్నాయి. 1964లో ఉస్మానియా ఆవరణలోనే అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలిసింది. దాని గ్రంథాలయం కోసం దేశం నలుమూలల నుంచీ అధ్యాపకులు వచ్చేవారు. హైదరాబాద్‌ను అమెరికాలోని ఇండియానాపొలిస్ 2010లో సోదర నగరంగా చేర్చుకుంది.

హైదరాబాద్ శివారులోని మన కొంపల్లి నుంచి మేడ్చల్ వైపు వెళ్తే కండ్లకోయ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కొచ్చు. ఆ రింగ్ రోడ్డులో కొంత భాగం జపాన్ రుణంతో వేసిందే. పటాన్‌చెరు వైపు దిగి ముందుకెళ్తే కంది. అక్కడి ఐఐటీ భవనాలకూ జపాన్ సాయం ఉంది. ఆ ఐఐటీ పట్టభద్రులు కొందరు జపాన్ ఉపకార వేతనాలతో ఎం.ఎస్., పీహెచ్‌డీలకు జపాన్‌కే వెళ్తున్నారు. ఇటు శామీర్‌పేట వైపు నల్సార్, బిట్స్ ఉన్నాయి. పై చదువులకు దారులు పడ్డాయి. బడి పిల్లలకు మాత్రం అవి ఇంకా తక్కువే.

కొంపల్లి కాలనీల్లో పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ ఇళ్లు చాలానే ఉన్నాయి. మేడ మీద వాళ్ల గదులు ఖాళీగా ఉంటున్నాయి. బడుల యాజమాన్యాలు, తల్లిదండ్రుల సంఘాలు కూర్చుని మాట్లాడుకుని, ఏ జపాన్ పట్టణం నుంచో ఏ అమెరికా ఊరి నుంచో వచ్చే ఒక విద్యార్థికి, ఒక టీచరుకు పది రోజులు ఆ గది ఇవ్వాలి. మన పిల్లల్లో ఒకరిని అటు పంపాలి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా ఒక్క బడి ముందుకొచ్చినా చాలు.