కోఠి రెసిడెన్సీ, హైదరాబాదు

హైదరాబాదులో మూసీకి ఉత్తరపు ఒడ్డున, ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు) కోసం 19వ శతాబ్ది తొలి ఏళ్లలో కట్టిన భవనం. దక్కనులోని నియోక్లాసికల్ కట్టడాల్లో దీనిదే పెద్దపీట. కట్టించింది కంపెనీ మనిషి, డబ్బు మాత్రం నిజాం ఖజానాది.

1748లో పాంపేయి తవ్వకాలు మొదలయ్యాక యూరపులో పాత రోము, గ్రీసు కట్టడాల మీద మోజు పెరిగి నియోక్లాసికల్ శైలికి ఊపునిచ్చింది. బరోక్ కాలపు మితిమీరిన అలంకారాలు మొహం మొత్తాయి. ఇంగ్లండు సంపన్నులు అంతకుముందే 16వ శతాబ్ది ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో గ్రంథాన్ని ముందు పెట్టుకుని దేవాలయాల్లాంటి ఇళ్లు కట్టుకుంటున్నారు. ఆ రుచే కంపెనీ సైన్యపు ఇంజినీర్ల వెంట ఇక్కడికీ వచ్చింది. మద్రాసులో బాంక్వెటింగ్ హాలు (ఇప్పటి రాజాజీ హాలు) 1802లో, కలకత్తాలో గవర్నమెంట్ హౌస్ 1803లో పూర్తయ్యాయి. టిప్పు సుల్తాన్ పతనమైన కొద్ది ఏళ్లకే ఇవన్నీ లేచాయంటే కారణం కళాభిరుచి ఒక్కటే కాదు.

హైదరాబాదుకు ఈ శైలిని తెచ్చింది ఇంగ్లీషువాళ్లు మాత్రమే కాదు. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమాండ్ 1798 మార్చిలో చనిపోయాడు. మలక్‌పేట దగ్గరి గుట్టపై ఆయన సమాధి మీద ఉన్నది కొనదేరిన రాతి స్తంభం, పక్కన గ్రీకు తరహా మండపం. అదే ఏడాది కంపెనీ నిజాంతో సంధి కుదుర్చుకుని ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేయించింది. పోటీపడిన రెండు పక్షాలూ తమ గుర్తులను మిగుల్చుకోవడానికి ఒకే ప్రాచీన నమూనాను ఆశ్రయించాయి.

ఆ సంధి వెనక ఉన్న రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. భవనానికి నమూనా గీసింది మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్, చిత్రకారుడు జాన్ రసెల్ కొడుకు. పని 1803 ప్రాంతంలో మొదలైంది. స్థలం అడుగుతూ కిర్క్‌పాట్రిక్ పెద్ద పటం చూపిస్తే, అది తన రాజ్యపటమంత ఉందని నిజాం తోసిపుచ్చాడట. అదే పటాన్ని చిన్న కాగితం మీద గీయించి తెస్తే వెంటనే సరేనన్నాడట. కంపెనీ అధికారి మాల్కం చెప్పిన కథ ఇది. పిట్టకథలా వినిపించినా, ఇద్దరి లౌక్యాన్నీ పట్టిస్తుంది.

ఉత్తరపు ముఖద్వారం ముందు విశాలమైన మెట్లు, వాటికి ఇరువైపులా సింహాలు. పైన ఆరు కోరింథియన్ స్తంభాల మీద నిలిచిన త్రికోణాకారపు నుదురు, అందులో కంపెనీ చిహ్నం. స్తంభాల తెల్లదనం మెరుగు పట్టిన సున్నపు పూతది. లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు, దాని వెనక రెండు పాయలుగా చీలి పైకి సాగే మెట్లు. రోము రూపం అరువుదే అయినా, కళ్లు చెదరగొట్టాలన్న ఉద్దేశం అచ్చంగా దర్బారుది.

ఇదే ఆవరణలో దీనికి పూర్తిగా భిన్నమైన లోకం ఇంకొకటి ఉండేది. దివాను మీర్ ఆలం బంధువు ఖైరున్నిసాను కిర్క్‌పాట్రిక్ పెళ్లాడాడు. ఆమె కోసం మొగలాయి పద్ధతిలో రంగ్‌మహల్ కట్టించాడు. దాన్ని తర్వాతి కాలంలో కూల్చేశారు. తోటలో భవనం చిన్న నమూనా ఒకటి ఉంది. పరదాలో ఉన్న భార్య ఇంటి ముందుభాగాన్ని చూడగలిగేలా చేయించాడని చెప్పుకుంటారు. మేస్త్రీలు ముందుగా చేసుకున్న నమూనా అయి ఉండొచ్చన్న మాటకు జనంలో ఆదరణ తక్కువ.

1805లో కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల ఇద్దరు పిల్లలనూ ఇంగ్లండుకు పంపేముందు మద్రాసులో జార్జ్ చినరీ వారి చిత్రం గీశాడు. హైదరాబాదీ దుస్తుల్లో నిలబడిన ఆ పసివాళ్ల మొహాల్లో నియోక్లాసికల్ నిగ్రహం కనిపించదు. రొమాంటిక్ చిత్రకారుడి కన్ను అది. భవనం రాజకీయం చెబితే, ఈ బొమ్మ ఆ రాజకీయం మూల్యంగా తీసుకున్నదాన్ని చెబుతుంది. అదే ఏడాది అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. భవనం పూర్తికావడం చూడలేదు. దీన్ని ప్రేమచిహ్నంగా చెప్పేవారు, ఆ దర్బారు హాల్లో నిజాం స్వాతంత్ర్యం ఎలా కరిగిపోయిందో తరచు మరిచిపోతారు.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో తిరుగుబాటుదారులు రెసిడెన్సీ మీద దాడి చేశారు. దాడి విఫలమైంది. ఆ తర్వాత ప్రహరీని, ద్వారాలను బలపరిచారు. చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజారు నిజాం పాలన బయట ఉండేది. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం 1901లో ఆ పరిసరాల్లోనే పుట్టింది. బజారు 1933లో నిజాం చేతికి తిరిగి వచ్చి సుల్తాన్ బజారు అయింది.

1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఈ భవనంలోకి వచ్చింది. తరగతి గదుల అవసరం కట్టడాన్ని బతికించింది, అరగదీసింది కూడా. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. మరమ్మతులు ఆ తర్వాత ఏళ్లపాటు సాగాయి. కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది.