లెబనాన్ కుటుంబములు - వంశానుగత హృద్రోగము

పది పదునైదేండ్ల పిల్లలకు గుండెపోటు వచ్చునన్న నమ్మశక్యము కాదు. కాని ఒక వంశవ్యాధిలో అట్లు జరుగుట కలదు. ఈ పిల్లల మోచేతులపైనను, మోకాళ్లపైనను, మడమల వెనుకను పసుపురంగు కొవ్వుగడ్డలు లేచును. రక్తములో కొలెస్టరాల్ విపరీతముగా ఉండును. గడ్డలు, కొలెస్టరాల్, గుండెజబ్బు - ఈ మూడును కలిసి కుటుంబములలో సంక్రమించునని నార్వే వైద్యుడు కార్ల్ ముల్లర్ 1938లో తెలిపెను. అయితే ఒకే వంశమున కొందరు బాల్యముననే, కొందరు నడివయస్సున జబ్బుపడుటకు కారణమేమి?

జవాబు లెబనాన్ నుండి వచ్చెను. బీరూట్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయమునందు అవెడిస్ ఖచదూరియన్ అచ్చటి కుటుంబములను పరిశీలించి 1964లో తన ఫలితములను ప్రకటించెను. లోపమున్న జన్యువు తల్లిదండ్రులలో ఒకరినుండే వచ్చినచో కొలెస్టరాల్ ఇంచుమించు రెట్టింపగును. ఇద్దరినుండియు వచ్చినచో అంతకంటె ఎంతో హెచ్చును. బాల్యముననే గుండెజబ్బు పాలగువారు ఈ రెండవ తెగవారు. ఇట్టివారు ఇతర దేశములలో బహు అరుదు. లెబనాన్‌లో దగ్గరి బంధువుల పెండ్లిండ్లు ఎక్కువగుటచే ఖచదూరియన్‌కు కనబడిరి. అరబ్బులలో పినతండ్రి కుమార్తెను పెండ్లాడు ఆచారము కలదు. మనకు ఆమె చెల్లెలి వరుస. మనము మేనమామ కూతురిని చేసికొందుము. వరుసలు వేరైనను జన్యువుల లెక్క మాత్రము ఒక్కటే: ఇరువురికిని ఎనిమిదవ వంతు ఉమ్మడి.

కొలెస్టరాల్‌ను మోయు ఎల్.డి.ఎల్. రేణువులను రక్తమునుండి పట్టుకొని లోనికి తీసికొను గ్రాహకములు జీవకణములపై ఉన్నవని డల్లాస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1970 తరువాతి సంవత్సరములలో కనుగొనిరి. 1985లో వారికి నోబెల్ బహుమతి లభించెను. 1987లో వారి బృందమే అరబ్బు రోగులలోని దోషమును అక్షరముతో సహా చూపెను. గ్రాహకములో 839 ఎమినో ఆమ్లములుండవలెను. ఈ రోగులలో 660వ స్థానమున 'ఆగుము' అను సంకేతము పడి, 659తోనే నిర్మాణము నిలిచిపోవును. ఆ మొండి గ్రాహకము కణము లోపలనే చిక్కుకొని పైకి రాదు. దీనికి 'లెబనాన్ జన్యురూపము' అని పేరు.

ఇందు మధుమేహమునకు గల సంబంధము విచిత్రమైనది. నెదర్లాండ్స్‌లో 63,000 మందికి పైగా పరీక్షించి 2015లో ప్రకటించిన లెక్కలలో, ఈ వంశవ్యాధి ఉన్నవారిలో రెండవ రకపు మధుమేహము నూటికి 1.75 మందికి, అది లేని వారి బంధువులలో 2.93 మందికి కనబడెను. గ్రాహకములు తగ్గినచో క్లోమమునకు చేరు కొలెస్టరాల్ కూడ తగ్గుటయే కారణము కావచ్చునని ఒక ఊహ. అంతమాత్రమున ఇది రక్షణ కాదు. మధుమేహము ఒకసారి వచ్చినచో అది ధమనుల గోడలను వేరుగా చెరచును. పుట్టుకనుండి పేరుకొనుచున్న కొలెస్టరాల్ దానికి తోడగును. అందుచే మధుమేహరోగి కుటుంబమున చిన్నవయసు గుండెపోట్లున్నచో చక్కెరతోపాటు కొలెస్టరాల్‌ను కూడ చూడవలెను.

జపానులో అకీరా ఎండో బూజునుండి తీసి 1976లో ప్రకటించిన పదార్థము స్టాటిన్ మందులకు మూలమయ్యెను. ఇవి కాలేయమున గ్రాహకముల సంఖ్యను పెంచి పనిచేయును. ఒక మంచి జన్యువైనను ఉన్నవారికి ఎంతో మేలు. రెండును లెబనాన్ రూపమే అయిన పిల్లలలో పెంచుటకు పనికివచ్చు గ్రాహకమే లేదు. వారి రక్తమును వారమునకో, రెండు వారములకో యంత్రము గుండా పంపి కొలెస్టరాల్‌ను తీసివేయుదురు.