కొఠారివారి కనకయ్య నాయుడుగారు

మన పూర్వులు ఆంధ్రదేశమును విడిచి ఎన్నడు వచ్చిరో, ఏ యూరినుండి వచ్చిరో మనలో పెక్కు కుటుంబములకు స్పష్టముగ తెలియదు. ఇంటిపేరు మాత్రము మిగిలినది. అట్టి ఇంటిపేరుతోనే 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపూరులో కొఠారి కనకయ్య నాయుడుగారు జన్మించిరి. లోకమునకు ఆయన సి. కె. నాయుడు. ఆ మొదటి పొడియక్షరము వెనుక కొఠారివారున్నారని మన పిల్లలలో నెందరెరుగుదురు?

తాతగారు నారాయణస్వామి నాయుడుగారు నాగపూరులో పేరుగాంచిన న్యాయవాది, కాంగ్రెసు తొలినాటి సభ్యులలో నొకరు. తండ్రిగారు కేంబ్రిడ్జిలో చదివివచ్చిన న్యాయవాది. మనుమడు చేపట్టినది మాత్రము బ్యాటు.

ఆ కాలమున బొంబాయి పోటీలు జాతిమతములనుబట్టి జరిగెడివి. 1916లో ఆయన హిందూ జట్టున ప్రవేశించిరి. ఆ పద్ధతి 1946లో ఆగిపోవుట మేలేయని నా యభిప్రాయము. కాని నాయుడుగారి పేరు దేశమంతట మ్రోగినది అక్కడినుండియే. 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానమున, ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై, రెండు గంటలైన నిండకమునుపే 153 పరుగులు తీసిరి. అందు సిక్సరులే 11. భారతీయులు టెస్టులాడ దగినవారేనను నమ్మకము ఇంగ్లండువారికి కలుగుటకు ఆనాటి ఆట తోడ్పడినది.

1932 జూన్ 25న లార్డ్సు మైదానమున మనదేశపు మొదటి టెస్టు ఆరంభమైనది. యాత్రకు నాయకులుగ ఎన్నికైన పోరుబందరు మహారాజుగారు తమ స్థానమును విడువగా, ఆ గౌరవము నాయుడుగారికి లభించినది. చేతికి దెబ్బ తగిలియుండియు మొదటి ఇన్నింగ్సులో జట్టునందరికంటె అధికముగ 40 పరుగులు చేసిరి. మ్యాచి 158 పరుగుల తేడాతో పోయినది. 1936లో నాయకత్వము విజయనగర రాజకుటుంబమునకు చెంది కాశీలో స్థిరపడిన మహారాజకుమారునకు దక్కినది. ఆట నెరిగిన పెద్ద చెంతనుండగా హోదాకు పీట వేసిరనక తప్పదు. ఇరువురి పేళ్లును తెలుగు నేలను తలపించునవే యగుట మనకు నవ్వో, నొప్పియో చెప్పలేను.

1923లోనే హోల్కరు మహారాజుగారి పిలుపుపై ఇందూరు చేరి సైన్యమున నధికారియైరి. తరువాత కర్నలు అను బిరుదు ఆయన పేరునకు విడదీయరానిదైనది. హోల్కరు జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీని గెలుచుకొనినది. శిష్యులను దండించుటలో కఠినులు; తమ శరీరమును దండించుటలో మరింత కఠినులు. 1951-52 రంజీ అంతిమ పోటీలో ఫడ్కరు వేసిన బంతి నోటికి తగిలి పళ్లూడినవి. అప్పటికి ఆయనకు 56 ఏండ్లు. ఆట విడిచి పొమ్మనిన వినక, నెత్తురు తుడుచుకొని మరల నిలిచిరి.

నాకు మిక్కిలి ప్రియమైనది తరువాతి ఘట్టము. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆ ఏటనే, 1953-54లో, ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ పోటీలో దిగినది. దానికి నాయకుడెవరు? నాగపూరున పుట్టి, ఇందూరున స్థిరపడి, 58వ యేట నడుచుచున్న కొఠారివారి బిడ్డ! రాష్ట్రమున నివాసము లేదని ఎవరును ఆక్షేపింపలేదో, ఆక్షేపించినను ఆయన లెక్కచేయలేదో, వచ్చి యాడిరి. మన సంఘములలో 'వారు మనవారా, కారా' యని వాదము రేగినపుడెల్ల నాకీ సంగతి జ్ఞప్తికి వచ్చును.

1956లో పద్మభూషణ బిరుదము లభించినది. ఆ మరుసటి శీతకాలపు రంజీ పోటీలలో, 61వ యేట, ఉత్తరప్రదేశము పక్షమున రాజస్థానుపై 84 పరుగులు చేసిరి. 1963-64లో మహారాష్ట్ర రక్షణనిధి కొరకు గవర్నరుగారి జట్టునకును ముఖ్యమంత్రిగారి జట్టునకును మ్యాచి ఏర్పాటైనది. 68 ఏండ్ల వృద్ధుడు మరల బ్యాటు పట్టిరి. 1967 నవంబరు 14న ఇందూరులో దివంగతులైరి. ఆ కడపటి మ్యాచి జరిగినది మాత్రము ఆయన పుట్టిన నాగపూరులోనే.