ఇంట్లో తయారైన చెక్క పడవ: బ్రిటన్ సామాజిక చరిత్రలో ఒక అంశం

ఉపోద్ఘాతం

పడవల చరిత్ర అనగానే ఓడలు, రేవులు, సముద్ర వాణిజ్యం గుర్తుకు వస్తాయి. ఒక మనిషి ఇంటి పెరట్లో తయారుచేసుకుని తెడ్డుతో నడుపుకునే చిన్న పడవకు ఆ చరిత్రలో చోటు తక్కువ. అయితే వినోదం కోసం నీటిపైకి వెళ్ళే అవకాశం ఎవరికి, ఎప్పుడు దక్కిందో తెలుసుకోవడానికి ఈ చిన్న పడవ మంచి ఆధారం. బ్రిటన్ ఉదాహరణతో దీనిని పరిశీలిద్దాం.

వినోదం – వర్గభేదం

1865లో జాన్ మాక్‌గ్రెగర్ అనే న్యాయవాది 'రాబ్ రాయ్' అనే చిన్న పడవలో యూరప్ నదులపై ప్రయాణించాడు. 1866లో ఆ అనుభవాలను గ్రంథంగా ప్రచురించాడు. తెడ్డు పడవ విహారం విద్యావంతుల్లో, సంపన్నుల్లో ప్రచారం పొందింది. సుమారు 15 అడుగుల ఆ ఓక్ చెక్క పడవను నిర్మించింది మాత్రం లండన్‌లోని వృత్తి నిపుణులు. ఒక పలక అంచు మరో పలకపైకి వచ్చేలా ప్రతి పలకనూ విడివిడిగా చెక్కి, వంచి బిగించాలి. ఏళ్ళ అనుభవం ఉంటే తప్ప అది సాధ్యం కాదు.

చేతిపని చేసేవారికి ప్రముఖ పడవ పందేలలో ప్రవేశం లేదు. 1879లో హెన్లీ పందేల నిర్వాహకులు రూపొందించిన నిర్వచనం ప్రకారం కూలి తీసుకుని పనిచేసే మెకానిక్, చేతివృత్తిదారు, శ్రామికుడు 'అమెచ్యూర్' కాదు. అంటే పడవ చేసే వడ్రంగి ఆ పోటీలో పాల్గొనడానికి అనర్హుడు. ఈ నిబంధన 1937 వరకు కొనసాగింది.

మార్పుకు కారణాలు

మొదటిది సామాజిక మార్పు. పై నిబంధన తొలగిన మరుసటి ఏడాది, 1938లో, వేతనంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. శ్రామిక కుటుంబాలకు తీరిక లభించే మార్గం ఏర్పడింది.

రెండవది కొత్త పదార్థాలు. పలుచని చెక్క పొరలను అడ్డంగా, నిలువుగా పేర్చి అతికిస్తే ప్లైవుడ్ తయారవుతుంది. నీటికి తట్టుకునే రెజిన్ జిగురులు రావడంతో అది పడవలకూ పనికివచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో మస్కిటో విమాన నిర్మాణంలో కూడా ప్లైవుడ్‌ను వాడారు.

మూడవది కొత్త పద్ధతి. 1960ల ఆరంభంలో కెన్ లిటిల్‌డైక్ చిన్న పడవలకు 'కుట్టి అతికించే' పద్ధతిని రూపొందించాడు. ప్లైవుడ్ పలకలను పటం ప్రకారం కోసి, అంచుల్లో రంధ్రాలు చేసి, రాగి తీగతో కుట్టి బిగిస్తారు. చదునైన ఆకు ఈనెపుల్లతో గుచ్చగానే దొప్పగా మారినట్లు, చదునైన పలకలే పడవ ఆకారం పొందుతాయి. తరువాత కీళ్ళపై గాజునార పట్టీ పరచి రెజిన్ పూస్తారు.

పలకలను కుట్టడం కొత్త ఆలోచన కాదు. కోరమండల్ తీరంలోని మసూలా పడవలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అక్కడ పడవను నిలిపి ఉంచేది ఆ కుట్టే. కొత్త పద్ధతిలో తీగ తాత్కాలికం, బలం రెజిన్ కీలుది.

ఈ పద్ధతితోనే 1963లో 'మిర్రర్' పడవ వచ్చింది. బ్యారీ బక్నెల్, జాక్ హోల్ట్ రూపొందించిన ఈ తెరచాప పడవను తెడ్లతో కూడా నడపవచ్చు. అప్పట్లో విడిభాగాల ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. అది శ్రామికుని సుమారు నెల వేతనం. చౌక కాకపోయినా, కూడబెట్టుకుంటే అందే ధర. ఇప్పటివరకు 70,000కు పైగా తయారయ్యాయి.

ముగింపు

నైపుణ్యం మాయం కాలేదు. వడ్రంగి చేతిలో ఉన్నదానిలో చాలా భాగం పటంలోకి, పలకలోకి, జిగురులోకి చేరింది. అయితే తీరిక లేనివాడికి పటం ఇచ్చి లాభం లేదు. సామాజిక మార్పు, సాంకేతిక మార్పు కలిసినప్పుడే సామాన్యుని పెరట్లో పడవ తయారైంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హెన్లీ నిర్వచనం ఎవరిని పోటీలకు దూరంగా ఉంచింది?
2. మసూలా పడవ కుట్టుకు, 'కుట్టి అతికించే' పద్ధతికి గల భేదమేమి?