శీతాకాలంలో గిటార్ తేమ రక్షణ

గిటార్ తేమ రక్షణ అంటే చలిదేశాల ఇళ్లలో హీటర్లు నడిచే నెలల్లో గాలి సాపేక్ష ఆర్ద్రతను సుమారు 45–55 శాతం మధ్య నిలిపి, చెక్క గిటార్లు ఎండి పగలకుండా కాపాడే పద్ధతి. 0 డిగ్రీల సెల్సియస్ వద్ద ఘనమీటరు గాలిలో గరిష్ఠంగా 4.8 గ్రాముల నీటి ఆవిరే ఇముడుతుంది. ఆ గాలి ఇంట్లోకి చేరి 21 డిగ్రీలకు వేడెక్కితే ఆర్ద్రత దాదాపు 25 శాతానికి పడిపోతుంది.

ఎండే చెక్క నార వెంట నిలువునా దాదాపు కుంచించుకోదు, తగ్గేది అడ్డంగానే. గిటార్ పైపలక సాధారణంగా 3 మిల్లీమీటర్ల లోపు మందమున్న స్ప్రూస్ చెక్క. కింద అడ్డంగా అతికించిన బద్దలు దాన్ని కుంచించుకోనివ్వవు కనుక పలక బీట వారుతుంది. అంతకుముందే ఫ్రెట్ల (మెడ మీది లోహపు పట్టీల) కొనలు మెడ అంచు దాటి చేతికి గుచ్చుకుంటాయి, పైపలక కుంగుతుంది, తీగలు కిందికి దిగి జరజరమంటాయి. ప్లైవుడ్ వాద్యాలకు ఈ బెడద తక్కువ.

గదిలో హ్యూమిడిఫైయర్, గిటార్ పెట్టెలో తేమను ఇచ్చిపుచ్చుకునే ప్యాకెట్లు, శబ్దరంధ్రంలో వేలాడే తడి స్పాంజి గొట్టం వాడుకలో ఉన్న సాధనాలు. మూసిన పెట్టెలో కాపాడటమే తేలిక. తేమ మితిమీరితే పలక ఉబ్బి, జిగురు పట్టు సడలుతుంది. అందుకే తేమమాపకం సరిగ్గా చూపుతోందో లేదో పరీక్షించాలి: దాన్ని తడి ఉప్పు ఉన్న గిన్నెతో పాటు మూసిన డబ్బాలో ఉంచితే 75 శాతం చూపాలి.