కుర్చీ ఎవరికి?

ఏ కంపెనీ వెబ్‌సైట్లోనైనా టీమ్ పేజీ తెరిచి చూడండి. బూడిదరంగు గోడ, పక్కనుంచి పడే మెత్తటి వెలుగు, కట్టుకున్న చేతులు, కొలిచినట్టుండే నవ్వు. సీఈవో అయినా నిన్న చేరిన ట్రైనీ అయినా అదే సైజు చదరం. పాత ఆఫీసు గోడల మీద వేలాడే మూడు వరసల గ్రూపు ఫొటోతో పోలిస్తే ఇది చాలా సమానంగా కనిపిస్తుంది. నిజంగా అంత సమానమా? ఆ పాత ఫొటో ఎలా పుట్టిందో చూస్తే గానీ చెప్పలేం.

1850ల నుంచి 1870ల దాకా ఫొటో అంటే తడి గాజుపలక. దాని మీద కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, ఆరిపోకముందే తీసి కడిగెయ్యాలి. ఎక్స్‌పోజర్‌కి కొన్ని సెకన్లు పట్టేది. ఈలోపు తల కదిలితే ముఖం అలుక్కుపోతుంది. అందుకే కుర్చీలు, తల వెనక కనబడకుండా పెట్టే ఇనప ఊతలు. ఎక్కువమంది ఉంటే కొందరు నేల మీద, కొందరు కుర్చీల్లో, మిగిలినవాళ్ళు వెనక నిలబడి. అలాగైతేనే ఎవరి ముఖమూ ఎవరికీ అడ్డు రాదు, అందరూ ఫోకస్‌లో ఉంటారు. ఇంతవరకూ ఫిజిక్సే. కుర్చీలో ఎవరు, నేల మీద ఎవరు అనేది మాత్రం ఏ లెన్సూ చెప్పదు. అది హోదా చెప్పిన మాట.

ఈ హోదాని అందంగా చూపించడంలో మన దగ్గర లాలా దీన్ దయాళ్‌ని మించినవాడు లేడు. ఆయన కూడా ఇంజనీరింగ్ చదివినవాడే! 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీ కాలేజీలో చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేట్లు, డ్రాయింగులు చేస్తూ ఫొటోగ్రఫీలోకి వచ్చాడు. 1880ల్లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనకి 'రాజా' బిరుదు ఇచ్చాడు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం, ఆడవాళ్ళే నడిపే జనానా స్టూడియో కూడా తెరిచాడు. దర్బారు ఉద్యోగులు, షికారు బృందాలు, ఇంగ్లీషు దొరలు ఆయన కెమెరా ముందు తీరిగ్గా ఒదిగారు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే హైదరాబాదు ప్రభుత్వానికి ఆయన ప్రొఫెషనల్ టీమ్ పోర్ట్రెయిట్లు తీశాడు. పాలించేవాళ్ళు తమని లోకం ఎలా చూడాలనుకున్నారో అలాగే కనిపించారు.

అంతకి పదేళ్ళ ముందు, తుంగభద్రకి దక్షిణాన, మరో రకం గ్రూపు ఫొటోలు పుట్టాయి. 1876-78 కరువు మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేసింది. అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నవాటిలో బళ్ళారి, కర్నూలు జిల్లాలున్నాయి. ఇప్పుడు కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న హాలహర్వి, దాని చుట్టుపక్కల ఆలూరు, ఆదోని ప్రాంతం అప్పుడు బళ్ళారిలోనే ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలుకి మారింది. కరువు పనుల్లో కూలికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన చిల్లర చాలని రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టిన కాలం అది.

అప్పుడే విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు కరువు బాధితులని ఫొటోలు తీశాడు. ఎముకల గూళ్ళలాంటి మనుషులని వరసల్లో కూర్చోబెట్టి, నిలబెట్టి, పడుకోబెట్టి తీశాడు. అదే కూర్పు, కుర్చీలు మాత్రం లేవు. ఆ ఫొటోలతో పాటు మనకి అందిన పేరు తీసినవాడిదే.

దీన్ దయాళ్‌కీ హూపర్‌కీ తేడా కెమెరాలో లేదు. ఒక ఫొటోలో మనుషులు తమని ఎలా తీయాలో తామే చెప్పగలరు. రెండోదాంట్లో చెప్పలేరు.

ఆదోనికి దగ్గర్లోని ఎమ్మిగనూరు ఇంకో ప్రశ్న అడుగుతుంది. అక్కడ మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టాడు. 1954లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. సహకార సంఘం అంటే సభ్యుడికి ఒక ఓటు, వాటా ఎంతున్నా సరే. మరి అలాంటి సంఘానికి గ్రూపు ఫొటో తీస్తే కుర్చీ ఎవరికివ్వాలి? అధ్యక్షుడికా, మగ్గం గుంటలో రోజంతా కాళ్ళు పెట్టుకు కూర్చునేవాడికా? ఇంట్లో నూలు చుట్టే ఆడమనిషి అసలు ఫ్రేములోకి వస్తుందా?

టీమ్ పేజీ ఈ చిక్కుని తెలివిగా దాటేసింది. కుర్చీలే తీసేసింది. కానీ నేల మీది వరసని కూడా తీసేసింది. పాత ఆఫీసు ఫొటోలో కనీసం బంట్రోతు ఓ అంచున నిలబడి ఉండేవాడు. ఇప్పుడు సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ అక్క, క్యాంటీన్ అబ్బాయి వేరే ఏజెన్సీ లెక్కలోకి వెళ్ళిపోయారు. మిగిలిన చదరాలన్నీ సమానమే, నిజమే. చదరం దొరకనివాళ్ళ సంగతే ఎవరూ మాట్లాడరు.

అందంగా ఫొటో దిగడం తప్పేం కాదు. మంచి వెలుగు, ఇస్త్రీ చొక్కా అందరికీ ఇష్టమే. ఈసారి మీ ఆఫీసుకి ఫొటోగ్రాఫర్ వచ్చినప్పుడు గేటు దగ్గరున్నవాళ్ళని కూడా 'దిగుతారా' అని అడగండి. దిగుతామంటే ఎలా నిలబడాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి. కింద పూర్తి పేరు వెయ్యండి.