పిల్లలు కొన్న అడవి



చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలకు మనం సాధారణంగా ఏం జవాబు చెబుతాం? పొయ్యి మీద కూర మాడుతూ ఉంటే "పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే, పో" అంటాం. 1987లో స్వీడన్ దేశంలో, ఒక పల్లెటూరి బడిలో, తొమ్మిదేళ్ల కుర్రవాడు అలాంటి ప్రశ్నే ఒకటి వేశాడు. వాళ్ల పంతులమ్మ ఏహా కెర్న్ ఉష్ణమండలంలోని వర్షారణ్యాల గురించి పాఠం చెబుతోంది. ఆ అడవుల్ని నరికేస్తున్నారనీ, వాటితోపాటు పక్షులూ జంతువులూ నశించిపోతున్నాయనీ విని ఆ పిల్లవాడు, మనమేమీ చేయలేమా, ఆ అడవిని మనమే కొనేయకూడదా అని అడిగాడట.

ఆవిడ కసురుకోలేదు. ఆ రోజుల్లోనే షారన్ కిన్స్‌మన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త, ఆవిడా స్త్రీయే, ఆ బడికి వచ్చి మధ్య అమెరికాలోని కోస్టారికా దేశపు అడవి బొమ్మలు పిల్లలకు చూపించింది. అక్కడ మాంటెవర్డే అనే కొండ ప్రాంతంలో అడవిని కొని కాపాడేందుకు 1986లో ఒక సంఘం ఏర్పడిందనీ, డబ్బు పంపితే ఆ మేరకు భూమి కొంటారనీ పిల్లలకు తెలిసింది. ఇంకేం! నాటకాలు వేశారు, పాటలు పాడారు, ఇంట్లో చేసిన తినుబండారాలు అమ్మారు. మొదట వచ్చిన డబ్బుకు కొద్ది ఎకరాలే వచ్చాయి. కానీ ఆ కబురు ఒక బడి నుంచి ఇంకో బడికి, స్వీడన్ నుంచి ఇంగ్లండుకు, జర్మనీకి, అమెరికాకు, జపానుకు పాకింది. చివరికి 44 దేశాల పిల్లలు డబ్బు పంపారు. ఈనాడు ఆ అడవి విస్తీర్ణం 50 వేల ఎకరాలకు పైమాటే. స్పానిష్ భాషలో దానికి పెట్టిన పేరుకు 'పిల్లల శాశ్వతారణ్యం' అని అర్థం.

వినడానికి చందమామ కథలా ఉంది కదూ? అయితే ఆ కొండ మీద అమ్మడానికి ఇంకా అడవి ఎలా మిగిలి ఉంది? దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

1940ల్లో కోస్టారికాలో సుమారు ముప్పాతిక భాగం అడవే. తరవాత నలభై ఏళ్లలో అది పావు భాగానికి దిగిపోయింది. ఎందుకంటారా? పశువుల మేత కోసం. అమెరికాలో గొడ్డుమాంసానికి గిరాకీ పెరిగింది, ఇక్కడ బ్యాంకులు పశువుల పెంపకానికి అప్పులిచ్చాయి. అడవి నరికి పచ్చిక వేస్తే భూమి బాగుచేసినట్టు లెక్క. రైతును ఒక్కణ్ణే తప్పుపట్టి లాభం లేదు, నరకమని చుట్టూ అందరూ ప్రోత్సహించినవాళ్లే.

మాంటెవర్డేకు 1951లో అమెరికా నుంచి కొన్ని క్వేకర్ల కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. వీళ్లు యుద్ధం పాపమని నమ్మే క్రైస్తవులు. సైన్యంలో పేరు నమోదు చేయించుకోమన్నందుకు జైలుకు వెళ్లినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకున్న దేశం కనుక కోస్టారికాను ఎంచుకున్నారు. పాడి పెట్టుకున్నారు. ఆ కొండదారుల్లో పాలు కిందికి చేరేలోపు విరిగిపోతాయి, అందుకని జున్ను తయారీ మొదలుపెట్టారు (మన ముర్రుపాల జున్ను కాదు, చీజు). వాళ్లూ చెట్లు కొట్టారు. కాని, కొన్న భూమిలో దాదాపు మూడోవంతు, ఏళ్లు పుట్టే పై భాగాన్ని మాత్రం ముట్టుకోకుండా వదిలేశారు. శాస్త్రం చదివి కాదు, నీళ్లకోసం.

అది మేఘారణ్యం. ఉడికే గిన్నె మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి బొట్లు బొట్లుగా జారుతుంది చూడండి, సముద్రం మీంచి వచ్చే మబ్బు ఆ కొండ చెట్లను తాకి అలాగే కారుతుంది. వాన లేని రోజున కూడా ఆకుల నుంచి నీళ్లు రాలుతూనే ఉంటాయి. 1972లో జార్జ్ పవెల్ అనే శాస్త్రవేత్త, విల్ఫోర్డ్ గిండన్ అనే క్వేకర్ రైతు కలిసి పక్కనే ఒక అభయారణ్యానికి పునాది వేశారు. తరవాత పవెల్ అక్కడి క్వెట్జాల్ పక్షులకు చిన్న రేడియో యంత్రాలు కట్టి చూస్తే, అవి గూళ్ల కాలం అయిపోగానే అభయారణ్యం దాటి కొండ కిందికి వెళ్లిపోతున్నాయని తేలింది. పక్షికి మన సరిహద్దు రాళ్లు ఏం తెలుస్తాయి? ఒక ముక్క కాపాడితే చాలదు, చుట్టూ ఉన్నదీ కావాలి. పిల్లల డబ్బు సరిగ్గా ఆ అదనుకు అందింది.

ఇక నాకు బాధ కలిగించే సంగతి చెబుతాను. ఆ కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేని బంగారు రంగు కప్ప ఒకటి ఉండేది. శాస్త్రవేత్తలు దాన్ని వర్ణించి పేరు పెట్టింది 1966లో. 1987లో, సరిగ్గా ఆ పిల్లలు డబ్బు పోగుచేస్తున్న ఏడే, మార్థా క్రంప్ అనే శాస్త్రజ్ఞురాలు అడవి నీటిగుంటల్లో వెయ్యికి పైగా చూసింది. మరుసటి ఏడు పట్టుమని పది. 1989లో ఒకే ఒక్క మగకప్ప. ఆ తరవాత ఎవరికీ కనపడలేదు. 2004లో ఆ జాతి అంతరించినట్టు ప్రకటించారు. ఆ కప్ప ఉన్న చోట ఎవరూ చెట్టు కొట్టలేదు, అది అభయారణ్యం. కప్పల చర్మానికి పట్టే ఒక బూజు జబ్బు, వేడెక్కి మబ్బు పల్చబడ్డ వాతావరణం కారణాలని అంటారు. కంచె వేసి ఆపగలిగినవి కావు అవి.

ఇంకొకటి. అడవి కొనడం ఒకసారి ఖర్చు, కాపలా నెలనెలా ఖర్చు. ఇల్లు కట్టడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు అని మనకు ఎవరూ చెప్పక్కరలేదు. కొనడానికి ఇచ్చినంత ఉత్సాహంగా కాపలావాళ్ల జీతాలకు చందా ఇచ్చేవాళ్లు తక్కువ. దూరదేశపు డబ్బు ఎప్పుడో అప్పుడు ఆగిపోతుంది, అప్పుడు మిగిలేది ఆ ఊరివాళ్లే. ఈ మాట కోస్టారికా ప్రభుత్వానికీ తట్టినట్టుంది. అడవిని నిలబెట్టిన రైతుకు ప్రతిఫలమిచ్చే చట్టం 1996లో చేసింది, అందుకు పెట్రోలు మీద పన్నులోంచి డబ్బు తీసింది. అలా ఇలా కలిసి, ఇప్పుడు దేశంలో సగానికి పైగా మళ్లీ చెట్లున్నాయి.

మాంటెవర్డే సంఘం పాడి రైతుల చేత పొలం గట్ల వెంబడి గాలికి అడ్డుగా చెట్ల వరసలు కూడా నాటించింది. అక్కడి గాలి ఆవుల్నీ గడ్డినీ కూడా వణికించే గాలి. చెట్లు అడ్డొస్తే తమ పశువులకే మేలని రైతులు ఒప్పుకున్నారు. తీరా చూస్తే ఆ చెట్ల మీద పక్షులు వాలడం మొదలుపెట్టాయి. అడవిలో తిన్న పండ్ల గింజలు అక్కడ రాల్చాయి. ఎవరూ నాటని అడవి మొలకలు, ఆవులు మేసే పొలాల మధ్యనే, ఆ వరసల నీడన లేచాయి.